పేదలు లేని అడవి

గువ్వలగట్టు అడవిలో తెల్లవారకముందే మద్దిచెట్టు కింద గంగాళంలో జొన్న అంబలి ఉడుకుతూ ఉండేది. ఆ వాసన గట్టు దిగి, వాగు దాటి, ముళ్ళపొదల సందుల్లో దూరి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచినట్టు లేపేది. మేకలు, గొర్రెలు, కుందేళ్ళు, కాడి మోసి మోసి మూపులు అరిగిపోయిన ఎద్దులు, అందరూ వచ్చి ఒకరి వెనక ఒకరు నిలబడేవాళ్ళు. వానలు మొహం చాటేసిన ఏడు ఆ లైను వాగు దాకా సాగేది.

లైనులో అందరికన్నా ముందు వచ్చేది సూరమ్మ అనే ముసలి గాడిద. వెంట మనవరాలు పైడి. పైడి తల్లి కిందటి కరువులో పోయింది. అప్పట్నించీ ఆ పిల్లకి అమ్మయినా నాన్నయినా సూరమ్మే. సూరమ్మది పైకి వినపడే గొంతు కాదు. దొప్పలో అంబలి పడగానే కళ్ళు మూసుకుని, "తల్లీ, ఈ పూట గడిపించావు" అని అడవితల్లికి దండం పెట్టుకుంటే గానీ మూతి ముంచేది కాదు.

"దండం అడవితల్లికెందుకు మామ్మా? అంబలి పెట్టేది రాణిగారు కదా!" అనేది పైడి.

"రాణిగారికి ఆ బుద్ధి పుట్టించింది ఎవరే?"

"అయితే ఇంకాస్త ముందే పుట్టించొచ్చుగా?"

"ముందూ పుట్టింది తల్లీ. కాకపోతే కాస్త వంకరగా పుట్టింది" అని సూరమ్మ మొదలుపెట్టేది. తన మామ్మ తనకి చెప్పినదీ, తన తల్లి కళ్ళారా చూసినదీ ఆవిడ దగ్గర భద్రంగా ఉండేవి. లైను కదిలేలోపు వాటిలో ఒకటి తీసి మనవరాలి చేతిలో పెట్టేది.

"ఇప్పటి రాణిగారి తాతగారు ఉన్నారే, పెద్ద సింహం, ఆయన గుహ ముందు ఒకనాడు ఓ జింకపిల్ల ఆకలితో సొమ్మసిల్లి పడిపోయింది. ఆయన మనసు కరిగిపోయింది. నా రాజ్యంలో ఎవరూ పస్తుండకూడదని ఆసరా సంఘం అని ఒకటి పెట్టారు. పంచే పని కొండముచ్చులకి అప్పగించారు. అవి కొండ మీద కూర్చుని గింజలు కిందకి విసిరేవి. ఎవరికి దొరికినవి వాళ్ళవి."

"బాగానే ఉందిగా?"

"అడవిపందులకి చాలా బాగుంది. మా మామ్మ కాలు ఆ తొక్కిసలాటలోనే విరిగింది. గింజ మాత్రం నోట పడలేదు."

"అయ్యో!"

"తర్వాత ఆయన కొడుకు వచ్చారు. ఈయన చాలా మర్యాదస్తుడు. గింజలు విసరడమేమిటి, పేదలకి ఇళ్ళు కట్టండి అన్నారు. కట్టేది ఎలుగుబంట్లు. వాటికి తెలిసిన ఇల్లు గుహ. రాళ్ళు పేర్చి, గాలీ వెలుతురూ రాకుండా గట్టిగా కట్టి, గొర్రెల్ని వెళ్ళి ఉండమన్నాయి. గొర్రెలు రెండు రాత్రులు ఉండి, ఊపిరాడక బయటికొచ్చేశాయి. ఇప్పుడు వాటిలో గబ్బిలాలుంటున్నాయి."

వెనక నిలబడ్డ మేక ముత్యాలు ఊరుకునేది కాదు. ఆవిడ నోరు కత్తెర. "ఏ పథకం వచ్చినా ఎవరో ఒకరికి అచ్చొస్తుందిలే వదినా, మనకి తప్ప!" అనేది. లైనంతా గొల్లున నవ్వేది.

"అలా అనకు ముత్యాలూ, ఇది అచ్చొచ్చిందిగా!" అని సూరమ్మ గంగాళం వైపు చూపించేది. "రాణిగారు పట్టానికి వచ్చాక స్వయంగా కొండ దిగి వచ్చి, ఇదిగో ఈ చెట్టు కిందే కూర్చుని, 'మీకేం కావాలమ్మా?' అని అడిగారు. అప్పటిదాకా ఆ మాట అడిగినవాళ్ళు లేరు కదా, ఒక్కరికీ నోరు పెగల్లేదు. చివరికి మా అమ్మే గొణిగింది, పొద్దున్నే పిల్లల కడుపులోకి వేడిగా ఏదైనా పడితే చాలని. అదే ఈ అంబలి. రాణిగారు ఇంకో మాట కూడా అన్నారు. సంఘం మీటింగులో కూర్చునే రాళ్ళు ఉన్నాయి చూడు, వాటిలో మూడోవంతు ఈ లైనులో నిలబడేవాళ్ళవేనని."

"మరి నువ్వెప్పుడూ కూర్చోవేం మామ్మా?"

ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా సూరమ్మ దొప్ప అడుగు నాకడంలో పడిపోయేది.

ఏం చెప్తుంది? సంఘానికి కార్యదర్శి నక్క లింగమూర్తి. నున్నని తోక, వెన్న లాంటి మాట. పేదల రాళ్ళ మీద తన బావమరుదులిద్దరినీ, ఒక నెమలినీ కూర్చోబెట్టాడు. "పాపం పేదలకి బోలెడు పని, మీటింగులని పిలిచి ఇబ్బంది పెట్టడం నాకిష్టం ఉండదు" అనేవాడు. ఆ నెమలి ఒక మీటింగులో, ఆకలేసినప్పుడు మనసు మళ్ళించుకోవడానికి అందరికీ నాట్యం నేర్పిస్తే ఎలా ఉంటుందని సలహా కూడా ఇచ్చిందట.

ఇలా ఉండగా ఒక ఎండాకాలం రాణిగారి కొలువు నుంచి కబురొచ్చింది. ఏ అడవి పేదరికం పోగొట్టుకుంటుందో ఆ అడవి కార్యదర్శికి కొలువులో చోటు ఇస్తారట. ఆ చోటు కూడా ఎక్కడో కాదు, రాణిగారి భోజనాల బండకి కూతవేటు దూరంలో. రాణిగారు సగం తిని వదిలేసే ఎముకల సంగతి తలుచుకునేసరికి లింగమూర్తికి ఆ పూట నిద్ర పట్టలేదు. పేదరికం పోగొట్టాలంటే ఏళ్ళు పడతాయి. కనపడకుండా చేయాలంటే ఒక్క పూట చాలు.

మర్నాడు అందరినీ చెట్టు కింద పోగు చేశాడు.

"అక్కలారా, అన్నలారా! రేపు రాణిగారి కొలువు నుంచి తనిఖీకి ఏనుగు అమ్మగారు వస్తున్నారు. వచ్చి ఏం చూస్తారు? మీ డొక్కలు చూస్తారు. చూసి పోయి నాలుగు అడవుల్లో ఏమని చెప్తారు? గువ్వలగట్టు వాళ్ళు ముష్టివాళ్ళని చెప్తారు. ఆ మాట పడతారా?"

ఎద్దు బసవయ్య తల దించుకున్నాడు. ఒకప్పుడు ఊళ్ళో నాగలి కట్టి బతికినవాడు, ముసలితనంలో అడవి పాలయ్యాడు. రోజూ లైనులో నిలబడడమే ఆయనకి సిగ్గు.

"పడం" అన్నాడు నెమ్మదిగా.

"పడితే మాత్రం ఏం?" అంది ముత్యాలు. "డొక్కలు ఎండిన మాట నిజమేగా!"

"చూశావా ముత్యాలమ్మా, నీ కూతుర్ని పక్క అడవి ఎర్రగట్టు మేకల్లో ఇచ్చావు. రేపు వాళ్ళు నీ కూతుర్ని ఏమంటారు? 'మీ అమ్మ గంజి లైనులో నిలబడుతుందటగా' అంటారు."

కత్తెర లాంటి ఆ నోరు కూడా టక్కున మూతపడింది.

"నేనడిగేది ఎంత? ఒక్క పూట! ఒక్క పూట నిండుగా కనపడండి. అమ్మగారు 'ఎలా ఉన్నారు?' అంటే 'చల్లగా ఉన్నాం' అనండి. మన అడవికి పేరు వస్తే నాకు వచ్చినట్టా, మీకు వచ్చినట్టా?"

"మాకే" అన్నాయి గొర్రెలు. గొర్రెలు ఒకటి అంటే అన్నీ అంటాయి కదా.

సూరమ్మకి మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది. కానీ అంతమంది పరువు అంటుంటే తనొక్కతే ఏమంటుంది? తన దొప్ప తను పట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు గంగాళం కింద పొయ్యి వెలగలేదు. "తనిఖీ అయ్యాక అంబలి, అదీ చిక్కగా!" అని లింగమూర్తి అటూ ఇటూ హడావిడిగా తిరుగుతున్నాడు. రాత్రికి రాత్రే అతని బావమరుదులు ఊరి పొలిమేర గడ్డివాము నుంచి నిరుటి వరిగడ్డి ఈడ్చుకొచ్చి గుట్ట పోశారు. ఆ గడ్డిని కట్టలు కట్టి, బక్కచిక్కిన డొక్కలకి రెండు వైపులా తాళ్ళతో బిగించి, పైన గోనెపట్టాలు కప్పడం మొదలుపెట్టారు.

నిజంగానే చూడముచ్చటగా ఉంది. మేకలు చూలింతల్లా ఉన్నాయి. కుందేళ్ళు గుమ్మడికాయల్లా దొర్లుతున్నాయి. బసవయ్య అయితే పెళ్ళికొడుకులా తయారయ్యాడు.

"లింగమూర్తీ" అన్నాడు బసవయ్య, ముక్కుపుటాలు అదురుతుండగా, "ఈ కట్టలు... ఇవి చాలా..."

"చాలా బరువా?"

"బరువు కాదయ్యా. వాసన."

"పాతవి కదా, కొంచెం కంపు కొడతాయి. ఒక్క పూట ఓర్చుకో మావా!" అని లింగమూర్తి తాడు ఇంకో బిగింపు బిగించాడు. "కదలకండి, మెదలకండి. ఒక్క పోచ జారినా పరువు గంగలో కలుస్తుంది."

బసవయ్య ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. నోట్లో ఊరిన నీళ్ళు గుటకలు గుటకలుగా మింగుతున్నాడు. పక్కనే సూరమ్మ. ఆవిడ డొక్కకి ఆనుకుని పైడి. ఎండుగడ్డి వాసన సూరమ్మ తల తిప్పేస్తోంది. పండిన ఏట కళ్ళంలో బరువులు మోసినప్పుడు రైతు ఆప్యాయంగా ముందు పడేసిన గడ్డి గుర్తొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని అడవితల్లిని తలుచుకుంది.

ఎండ ఎక్కాక ఏనుగు అమ్మగారు వచ్చారు. పెద్ద మనిషి. వచ్చీ రాగానే చెట్టు నీడలో నిలబడి, చెవులతో విసురుకుంటూ అందరినీ ఒక చుట్టు చూశారు.

"అబ్బ, ఎంత నిండుగా ఉన్నారు! ఏమయ్యా కార్యదర్శీ, ఈ ఎండల్లో ఎలా సాధించావు?"

"అంతా రాణిగారి దయ, తమ ఆశీర్వాదం. మా సంఘం సేవ అమ్మగారూ. ఈ అడవిలో పేదలన్న మాటే లేదు. ఎలా ఉన్నారర్రా?"

"చల్లగా ఉన్నాం" అన్నారు అందరూ. ఆ అనడంలో గొంతులు మాత్రం ఎండిపోయి ఉన్నాయి.

లింగమూర్తి ఉపన్యాసం అందుకున్నాడు. ఆసరా సంఘం పుట్టుపూర్వోత్తరాలు, పెద్ద సింహంగారి కరుణ, ఆయన కుమారుల గృహనిర్మాణం, ఆ ఇళ్ళలో నేటికీ ఎందరో సుఖంగా నివసిస్తున్నారన్న సంగతి, అన్నీ వివరంగా చెప్పాడు. 'గబ్బిలాలు' అన్న మాట మాత్రం వాడలేదు. ముత్యాలు పళ్ళు బిగబట్టి నవ్వాపుకుంది. అంత ఆకలిలోనూ!

ఉపన్యాసం అయ్యాక అమ్మగారు తృప్తిగా తలాడించారు.

"చాలా సంతోషం. నా మనసులో పెద్ద బరువు దిగింది. ఎర్రగట్టులో పిల్లలు నిలబడలేక కూలబడిపోతున్నారు. అక్కడ సంఘం లేదు, అంబలి లేదు. మీకు ఇక ఈ గంగాళంతో పని లేదు కనుక దీన్ని నాతో తీసుకుపోతాను. మీ వాటా జొన్నలు కూడా ఇక మీదట అటే పంపిస్తాం."

"ఎంత మంచి మాట! నేనే ఎత్తిపెడతాను" అన్నాడు లింగమూర్తి.

ముత్యాలు బసవయ్య వైపు చూసింది. బసవయ్య నేల చూపులు చూశాడు. గొర్రెలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఎవరైనా ఒకరు నోరు తెరిస్తే బాగుండునని అందరికీ ఉంది. ఆ ఒకరు తాము కాకపోతే బాగుండునని కూడా ఉంది.

సూరమ్మ గంగాళం వైపు చూసింది. ఎర్రగట్టు పిల్లలదీ ఆకలే. వాళ్ళకి వెళ్ళే కూడు వద్దనడానికి తనెవరు? అలా అనుకుంటుండగానే డొక్కకి ఆనిన బరువు కాస్త జారింది. చూస్తే పైడి మోకాళ్ళు వణుకుతున్నాయి. గోనెపట్టా కింద కట్టిన కట్ట జారి కడుపు కిందకి వేలాడుతోంది. ఆ పిల్ల మాత్రం మామ్మ పరువు పోకూడదని మెడ నిటారుగా ఎత్తి నిలబడింది.

'అమ్మా, తల్లీ, అబద్ధం చెప్పి ఇచ్చింది దానం ఎలా అవుతుంది? ఉన్న మాట చెప్పే బలం ఇవ్వు' అనుకుంది సూరమ్మ. నోరు తెరిచింది. మాట రాలేదు. జీవితంలో పెద్దల ముందు పలికి ఎరగని గొంతు, ఇప్పుడు పలకమంటే ఎలా పలుకుతుంది?

మాట రాలేదు సరే, నోరైతే తెరుచుకుంది కదా. సూరమ్మ మెడ వెనక్కి తిప్పింది. గోనెపట్టా పక్కకి లాగింది. తన డొక్కకి కట్టిన గడ్డిలోంచి ఒక గుప్పెడు పీకి, మనవరాలి నోటికి అందించింది. ఇంకో గుప్పెడు పీకి తను నమిలింది.

కరకర. అంత నిశ్శబ్దంలో ఆ చప్పుడు అడవి అంతా వినిపించింది.

"ఇదేంటమ్మా?" అన్నారు అమ్మగారు.

"క్షమించండి అమ్మగారూ" అంది సూరమ్మ చిన్నగా. "ఆకలేస్తోంది."

అంతే. బసవయ్య ఇక ఆగలేకపోయాడు. మెడ సాచి ముందున్న ముత్యాలు గడ్డికట్టని ఒక్క లాగు లాగాడు.

"ఓయ్ మావా, అది నాది!" అంది ముత్యాలు.

"నాది నువ్వు తినవే తల్లీ, నా మెడ నా డొక్కకి అందదు!"

ముత్యాలు బసవయ్య డొక్క మీద పడింది. గొర్రెలు గుండ్రంగా చేరి ఎవరి ముందువాళ్ళది వాళ్ళు మేయసాగాయి. తాళ్ళు తెగాయి, గోనెపట్టాలు ఊడిపడ్డాయి. కుందేళ్ళు గుమ్మడికాయల్లోంచి బీరకాయల్లా బయటపడ్డాయి. కాసేపటికి ఏనుగు అమ్మగారి ముందు నిండుతనం అంతా కరిగిపోయి, ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు అన్నట్టు డొక్కలు మాత్రం మిగిలాయి.

లింగమూర్తి తెలివి మాత్రం ఇంకా చావలేదు.

"తమరు ఏమీ అనుకోకండి అమ్మగారూ! ఇది మా గువ్వలగట్టు ఆచారం. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు ఒంటి మీద ఉన్నది తిని గౌరవించడం మాకు అనాదిగా ఉంది."

"అలాగా!" అన్నారు అమ్మగారు. ఆవిడ చిన్న కళ్ళు ఇంకా చిన్నవయ్యాయి. "మరి నువ్వు గౌరవించలేదేం?"

ముత్యాలు వెంటనే తన కట్టలో మిగిలిన గడ్డి నోట కరుచుకొచ్చి అతని ముందు పెట్టింది.

"తిను బావా, తిను. ఆచారం తప్పితే అడవికి అరిష్టం!"

"కార్యదర్శి కదా, ఇంకాస్త ఎక్కువ గౌరవించాలి" అని బసవయ్య ఇంకో రెండు గుప్పెళ్ళు తెచ్చి వేశాడు.

ఏనుగు అమ్మగారు కదలకుండా చూస్తున్నారు. గత్యంతరం లేక లింగమూర్తి ఓ పోచ నోట పెట్టుకున్నాడు. నమిలాడు. ఎంత నమిలినా అది గడ్డిగానే ఉంది. మింగబోతే గొంతులో అడ్డం పడింది. దగ్గాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, నున్నని తోక దుమ్ములో పొర్లింది. పైడి కిసుక్కున నవ్వింది. సూరమ్మ "తప్పే" అని మనవరాల్ని అదలించింది కానీ, తన నవ్వు దాచుకోవడానికి తనే మొహం పక్కకి తిప్పుకోవలసి వచ్చింది.

"లింగమూర్తీ, నాకొక్క సందేహం" అన్నారు అమ్మగారు. "ఇంత గడ్డి తెప్పించగలిగినవాడివి. డొక్కల మీద కట్టే బదులు డొక్కల్లోకే పంపొచ్చు కదా? నీ అబద్ధం నిజమైపోయేది. వీళ్ళు నిజంగానే నిండుగా ఉండేవాళ్ళు."

లింగమూర్తి నోట్లో గడ్డి ఉమ్మేశాడు. పాపం, మొదటిసారి అతని నోట నిజం వచ్చింది.

"అది తినేదని నాకు తట్టలేదమ్మగారూ. నేనెప్పుడూ తినలేదు కదా."

 అమ్మగారు సూరమ్మ దగ్గరికి వచ్చి, తొండంతో ఆవిడ వీపు మీద గడ్డిపోచలు దులిపారు.

"నీ పేరేమిటమ్మా?"

"సూరమ్మండి."

"సూరమ్మా, మీ గంగాళం మీకే ఉంటుంది. ఎర్రగట్టుకి రాణిగారినడిగి ఇంకోటి పంపిస్తాను. కానీ అక్కడ ఏం వండాలో నాకు తెలియదు. మీ సంఘం రాళ్ళ మీద రేపట్నించి మీలో ముగ్గురు కూర్చోండి. ఎర్రగట్టు వాళ్ళని కూడా పిలిపించుకుని, వాళ్ళనే అడిగి నాకు చెప్పండి."

"మేమా? మేమేం చెప్తామండీ?" అంది సూరమ్మ కంగారుగా.

"ఇందాక ఏం చెప్పావో అదే."

ముత్యాలు ముందుకొచ్చింది. "నేను కూర్చుంటానమ్మగారూ! మా వదినకి మాటలు రావు. ఆవిడ మెల్లగా నాకు చెప్తుంది, నేను గట్టిగా అరుస్తాను."

ఆ సాయంత్రం పొయ్యి వెలిగింది. గడ్డిగుట్టలో సగం గువ్వలగట్టు వాళ్ళు పంచుకున్నారు, సగం ఎర్రగట్టుకి పంపారు. ఈడ్చుకుపోయే పని లింగమూర్తిదీ, అతని బావమరుదులదీ. నెమలి ముందు నడుస్తూ దారి చూపింది. అదీ ఒక పనేగా!

ఎర్రగట్టు నుంచి తిరిగొచ్చేసరికి లింగమూర్తికి కాళ్ళు పీక్కుపోయాయి, కడుపు వీపుకి అంటుకుపోయింది. రాణిగారి ఎముకలు కలలోకి కూడా రావడం మానేశాయి. మద్దిచెట్టు కింద అంబలి ఉడుకుతోంది. ఏ పాట్లూ పడకుండా ఎవరైనా తెచ్చి చేతికిస్తారేమోనని కాసేపు దూరంగా నిలబడి చూశాడు. ఎవరూ తేలేదు. చివరికి తోక ముడుచుకుని వచ్చి లైను చివర నిలబడ్డాడు.

"జరగండర్రా, కార్యదర్శిగారొచ్చారు" అంది ముత్యాలు.

"జరగొద్దు" అన్నాడు లింగమూర్తి గబగబా. "నా వంతు వచ్చినప్పుడే తాగుతా."

సూరమ్మ దొప్ప నింపుకుని వస్తూ అతని ముందు ఆగింది. ఏమంటుందోనని లింగమూర్తి చెవులు వాల్చాడు.

"వేడిగా ఉంది నాయనా" అంది ఆవిడ. "ఊదుకుని తాగు."

ఆకలిగొన్నవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని అడగకుండా వేసిన పథకం, ఎంత నిండుగా కనపడినా ఎవరి కడుపూ నింపదు.